బూదికనుమ దారిలో తంగేడు

బళ్లారి నుంచి హొసపేటకు పోయే రోడ్డు మీద సుమారు ఇరవై కిలోమీటర్లు దాటాక కుడతిని వస్తుంది. ఊరికంటే ముందు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కంటబడతాయి. కర్ణాటక పవర్ కార్పొరేషన్ నడిపే ఈ కేంద్రంలో 500 మెగావాట్ల యూనిట్లు రెండు, 700 మెగావాట్లది ఒకటి ఉన్నాయి. మొత్తం 1,700 మెగావాట్లు. బొగ్గు మండిన చోట కరెంటుతో పాటు బూడిదా పుడుతుంది. ఆ బూడిదను ఏం చేయాలన్నది ఈ చుట్టుపక్కల ఊళ్లకు రోజువారీ సమస్య.

నిజానికి కుడతినికి బూడిద కొత్తది కాదు. ఊరికి దగ్గరలో, కొండల నడుమ దారి ఇరుకయ్యే చోట పాతకాలపు బూడిద దిబ్బ ఒకటి ఉంది. దాని పేరు బూదికనుమ. బూది, కనుమ రెండూ తెలుగు చెవికి పరిచయమైన మాటలే. భీముడి చేతిలో చచ్చిన హిడింబాసురుణ్ని దహనం చేస్తే మిగిలిన బూడిద ఇది అని స్థానికులు చెప్పుకునేవారు. 1840లలో ఈ దిబ్బల గురించి రాసిన ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి న్యూబోల్డ్ ఆ కథను నమోదు చేశాడు. తర్వాత భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ ప్రాంతమంతా తిరిగాడు. చివరకు నాటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో తవ్వకాలు జరిపిన పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ ఈ దిబ్బల గుట్టు విప్పాడు. అక్కడి బూడిద పొరల్లో పశువుల గిట్టల గుర్తులు, దడి పాతిన గుంజల గుంతలు బయటపడ్డాయి. నాలుగు వేల ఏళ్ల కిందట, అంతకు ముందూ ఈ నేలల్లో మందలు తోలుకు తిరిగినవారు పశువులను దొడ్లలో కట్టేవారు. పేరుకున్న పేడను ఎప్పటికప్పుడు తగలబెట్టేవారు. ఆ మంటల వేడికి కొన్నిచోట్ల బూడిద కరిగి, గాజులా గట్టిపడింది.

ఒక ఊళ్లో రెండు యుగాల బూడిద. ఈ రెంటి మధ్య గరుగు నేలల్లో, రోడ్డు వారల్లో, రాళ్ల సందుల్లో వానాకాలం ముగిసే వేళకు పసుపు ముద్దలుగా పూసే పొద ఒకటి ఉంది. పశువులు నోరు పెట్టవు, మేకలు సైతం పెద్దగా ముట్టవు. తెలుగువారు తంగేడు అంటారు, కన్నడిగులు తంగడి అనీ ఆవరికె అనీ అంటారు. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్లు పోయరు. ఈ సరిహద్దు నేలను మళ్లీ పచ్చగా చేయాలని అనుకునేవారు మొట్టమొదట చూడవలసిన మొక్క ఇదే. విచిత్రంగా, వాళ్ల జాబితాలో చాలాసార్లు లేనిది కూడా ఇదే.

బళ్లారి పేరుతో ఇంకో మొక్క ఉంది. తెలుగువారి సర్కారు తుమ్మను కన్నడిగులు బళ్లారి జాలి అంటారు. పేరు చూసి అది ఈ గడ్డ మీద పుట్టిందనుకుంటే పొరపాటు. దాని సొంత ఊరు మధ్య, దక్షిణ అమెరికాలు. మద్రాసు అటవీ శాఖ అధికారి బెడ్డోమ్ కోరిక మీద జమైకా నుంచి విత్తనాలు తెప్పించి, 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో నాటారు. కరువు నేలల్లో వంటచెరకు దొరకాలన్నది అప్పటి ఆలోచన. ఆ మేరకు అది మాట నిలబెట్టుకుంది. రాయలసీమలోనూ బళ్లారిలోనూ ఎన్నో పేద ఇళ్ల పొయ్యిలు దాని కట్టెతోనే వెలిగాయి, ఎన్నో కుటుంబాలు దాని బొగ్గు అమ్ముకుని బతికాయి. కానీ అది కట్టెతో ఆగలేదు. చెరువు కట్టలు, వాగు గట్లు, బీళ్లు, పశువుల మేతభూములు ఆక్రమించింది. దాని కాయలు తిన్న పశువులే పేడతో పాటు విత్తనాలను ఊరూరా చల్లాయి. దాని కింద మరో మొక్క బతకడం కష్టం. ఈ మొక్కకు నూటయాభై ఏళ్లుగా మనం చెల్లిస్తున్న మూల్యం చూశాక కూడా, పచ్చదనం పేరుతో పరాయి మొక్కల వెంట పడే అలవాటు పోలేదు. నిన్నమొన్నటి కోనోకార్పస్ సంగతే చూడండి. నగరాల డివైడర్ల మీద బారులు తీర్చి నాటారు, తర్వాత అనర్థాలు గుర్తించి గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది. తెలంగాణ కూడా నాటవద్దంది.

తంగేడు విషయంలో అలాంటి భయం లేదు. భారతదేశం, శ్రీలంక దాని పుట్టిల్లు. ఏడాదికి సుమారు 500 మిల్లీమీటర్ల వాన పడే బళ్లారి లాంటి చోట్ల, ఎర్ర నేలైనా నల్ల నేలైనా, గులకరాళ్ల గుట్టైనా అది బతకగలదు. అడుగున్నర నుంచి నిలువెత్తు దాకా పెరుగుతుంది. కొమ్మ నరికితే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. కార్ల్ లిన్నేయస్ దీనికి పెట్టిన పేరులోని ఆరిక్యులేటా అన్న మాటకు చెవుల వంటివి ఉన్నది అని అర్థం. ఆకు కాడ మొదట్లో చెవి ఆకారంలో ఉండే చిన్న రేకులను చూసి ఆ పేరు పెట్టాడు. ఇప్పుడు శాస్త్రజ్ఞులు వాడే సెన్నా ఆరిక్యులేటా అన్న పేరు విలియం రాక్స్‌బర్గ్‌ది. ఆయన కలకత్తా వెళ్లకముందు సామర్లకోటలో ఉండి తెలుగు నేల మొక్కలను ఏళ్ల తరబడి పరిశీలించినవాడు.

తంగేడు పువ్వును దగ్గరగా చూసినవారు తక్కువ. బతుకమ్మ పేర్చేటప్పుడు గుత్తులు గుత్తులుగా చేతిలోకి తీసుకుంటాం గానీ ఒక్కొక్క పువ్వులో జరిగే వ్యవహారాన్ని గమనించం. ఈ పువ్వులో మకరందం లేదు. తేనె ఆశ చూపి కీటకాన్ని పిలిచే పని అది పెట్టుకోలేదు. దాని దగ్గర ఉన్నది పుప్పొడి మాత్రమే, అదీ తాళం వేసిన పెట్టెలో. పది కేసరాల్లో పైనున్న మూడు వట్టివి. మిగిలినవాటి పుప్పొడి తిత్తులు మామూలు పూల మాదిరి చీలి విచ్చుకోవు. కొసన సన్నటి రంధ్రం మాత్రం ఉంటుంది. గండు తుమ్మెద వచ్చి పువ్వును గట్టిగా పట్టుకుని, ఎగరకుండానే ఒంటి కండరాలను అదిలించి ఝుమ్మంటుంది. ఆ అదురుకు ఉప్పుడబ్బాలోంచి ఉప్పు రాలినట్టు పుప్పొడి రాలుతుంది. పొట్టి కేసరాల పుప్పొడి తుమ్మెద తిండికి. కిందికి వంగిన పొడవాటి కేసరాలది దాని ఒంటికి అంటుకుని వేరే పువ్వుకు చేరుతుంది. కీలం కొన్ని పూలలో కుడికి, కొన్నింటిలో ఎడమకు వంగి ఉంటుంది. కుడి వైపు అంటిన పుప్పొడి ఒక రకం పువ్వుకు, ఎడమ వైపు అంటినది ఇంకో రకానికి చేరేలా ఈ ఏర్పాటు. ఇంత పనితనం రోడ్డు పక్క దుమ్ములో, ఎవరి కంటా పడకుండా సాగిపోతోంది.

మకరందమే లేని చెట్టుకు తెలుగులో తేనె పేరు మీద ఒక జాతీయం ఉండటం తమాషా. సులువుగా చేతికందేదాన్ని తంగేటి జున్ను, అంటే తంగేడు మీది తేనెపట్టు, అనేవారు. చిన్న తేనెటీగలు పొదల కొమ్మలకే పట్టు పెడతాయి. తంగేడు పొద ఎత్తు ఎంత గనక? నిచ్చెన అక్కర్లేదు, చెయ్యి చాస్తే చాలు. తేనె వేరే పూలది, కొమ్మ తంగేడుది. లేత పసుపు రెక్కల వలస సీతాకోకచిలుకలకూ ఇది పుట్టిల్లే. వాటి గొంగళిపురుగులు దీని ఆకు తిని పెరుగుతాయి. పొదను పీకేసి సీతాకోకచిలుకల పార్కు కట్టడంలో అర్థం లేదు.

ఇక దీని పాత వృత్తి గురించి. ఒకప్పుడు దక్షిణ భారతంలో తోలు పరిశ్రమకు తంగేడు చెక్కే ఆధారం. బెరడులో తోలును పదును చేసే టానిన్ పుష్కలం. దత్తమండలాల్లో, అంటే రాయలసీమ, బళ్లారి పల్లెల్లో, మాదిగ వాడల్లోని తోళ్లు నానబెట్టే లందల్లో తంగేడు చెక్క, కరక్కాయ నానుతుండేవి. చెప్పులకు, ఎద్దుల పగ్గాలకు, కపిల బావుల తోలుబానలకు ఆ తోలే కావాలి. అంటే ఈ మెట్టప్రాంతాల్లో పొలానికి నీళ్లు పారడంలోనూ తంగేడుకు వాటా ఉంది, ఆ తోలు పదును చేసిన చేతులకూ వాటా ఉంది. ఆ చేతుల నైపుణ్యాన్ని సమాజం వాడుకుంది గానీ గౌరవించలేదు. తంగేడు చరిత్ర రాసేటప్పుడు ఈ మాట దాటవేయకూడదు.

మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు పోయిన పదును తోళ్లలోనూ ఈ చెక్క సారమే ఎక్కువ. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంజనీరు ఆల్ఫ్రెడ్ ఛటర్టన్ మద్రాసులో క్రోమియం లవణాలతో తోలు పదును చేసే క్రోమ్ పద్ధతిని ప్రవేశపెట్టాడు. దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క దిగుమతి అయింది. తంగేడు చెక్క బేరం క్రమంగా పడిపోయింది. క్రోమ్ తోలు త్వరగా తయారవుతుంది, మెత్తగా ఉంటుంది, నిజమే. దాని ఖరీదు మాత్రం పాలారు ఒడ్డున ఉన్న రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి జనం తోళ్ల కర్మాగారాల మురుగు రూపంలో కట్టారు. వేలూరు పౌరుల పోరాటం మీద 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన పర్యావరణ న్యాయ చరిత్రలోనే పెద్దది. చెట్టు చెక్కతో చేసే పదును కూడా మురుగు లేనిది కాదు. అయినా ఈ రోజు చెక్కతో పదును చేసిన తోలుకు ప్రపంచ మార్కెట్లో మంచి ఆదరణ ఉంది. ఆ దారి మళ్లీ తెరుచుకుంటే తంగేడు చెక్క తోటల్లోంచే రావాలి, అడవి పొదలు ఒలిచి తేకూడదు.

2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. బతుకమ్మ అంటే గునుగు, తంగేడు. మహాలయ అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు పల్లె ఆడపడుచులు కోసుకొచ్చిన పూలే పండుగ. ఊరి బీళ్లు ప్లాట్లయ్యాక, ఆ పూలు మార్కెట్లో కట్టలు కట్టలుగా అమ్ముడుపోతున్నాయి. ఒక మొక్కకు రాష్ట్ర పుష్పమన్న హోదా ఇచ్చి, అది పెరిగే నేలను ఇళ్ల స్థలాలుగా మార్చడం ఆ మొక్కను గౌరవించడం కాదు. ఏ ప్రభుత్వమైనా ఊరికి ఒక ఎకరం తంగేడు వనానికి విడిచిపెడితే, పండుగ పూటా ఆ తొమ్మిది రోజులూ పూలు కొనాల్సిన అవసరం రాదు.

వైద్యంలో దీని పేరు ఇప్పుడు బాగా వినబడుతోంది. ఆయుర్వేదంలో ఆవర్తకి, సిద్ధ వైద్యంలో ఆవారై. శ్రీలంకలో రణవర పేరుతో దీని టీ తాగుతారు. మన పల్లెల్లో పుల్లతో పళ్లు తోముకున్నారు, బెణుకులకు ఆకు నూరి కట్టుకున్నారు. మధుమేహానికి ఎండు పూల టీ అంటూ ఇప్పుడు ప్యాకెట్లు అమ్ముతున్నారు. జంతువుల మీద జరిగిన పరిశోధనల్లో రక్తంలో చక్కెర తగ్గిన దాఖలాలు ఉన్నాయి. అంతమాత్రాన డాక్టరు రాసిన మాత్రలు ఆపి ఈ టీని నమ్ముకోవడం ప్రమాదం. ఇంకో హెచ్చరిక కూడా అవసరం. బీళ్లలో ఇలాంటి పసుపు పూలే పూసే కసింద అనే మొక్క ఉంటుంది, అది తంగేడుకు దాయాది. దాని కాయలు తిని పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పసిపిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మొక్కను గుర్తుపట్టగలిగిన పెద్దల చేతి మీదుగా తప్ప పొలం గట్టు మీద పూలు కోసి కషాయం కాచుకోకూడదు. ఇది భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. మొక్కల పేర్లు మరిచిపోతున్న తరం సొంత వైద్యం మొదలుపెడితే ఎదురయ్యే ముప్పు ఇది.

రైతుకు మాత్రం తంగేడు మరో రకంగా ఉపయోగం. దీని రొట్టను మాగాణిలో తొక్కడం పాత అలవాటు. ముఖ్యంగా చౌడు నేలల్లో తంగేడు రొట్ట బాగా పనిచేస్తుందని వ్యవసాయ శాస్త్రం కూడా ఒప్పుకుంటుంది. తుంగభద్ర ఆయకట్టులో నీరు నిలిచి చౌడు తేలిన పొలాలు బళ్లారి వైపూ ఉన్నాయి, కర్నూలు వైపూ ఉన్నాయి. చిక్కుడు కుటుంబానికి చెందినదే అయినా, తంగేడు వేళ్లకు జనుము, జీలుగ మాదిరి నత్రజనిని బిగించే బుడిపెలు ఉండవు. కాబట్టి దాని విలువ ఆకులోనే ఉంది. గట్టు మీద పెంచి రొట్ట కోసుకుంటే ఏటా జీలుగ విత్తనం కొనే ఖర్చు కొంతైనా తగ్గుతుంది.

పెంచడం కష్టమేమీ కాదు. కాయలు బల్లపరుపుగా, కాగితంలా పలచగా ఉంటాయి. గోధుమ రంగుకు తిరిగి గలగలమన్నప్పుడు కోయాలి. ఒక్కో కాయలో పది నుంచి ఇరవై గింజలు. గింజ పైపొర గట్టిది. గరుకు రాయి మీద కాస్త రుద్దాలి, లేదా కాచి దించిన వేడి నీటిలో వేసి రాత్రంతా నాననివ్వాలి. తొలకరికి నేలలోనే విత్తవచ్చు, కవర్లలో పెంచి నాటవచ్చు. మొదటి ఏడాది కలుపు అణచనివ్వకుండా చూసుకుంటే చాలు, తర్వాత దాని పాట్లు అదే పడుతుంది. రెండో మూడో ఏటికి నిండుగా పూస్తుంది. దీని చుట్టమైన నేలతంగేడును, అంటే సునాముఖిని, తమిళనాడు తిరునెల్వేలి ప్రాంతం మెట్ట రైతులు ఎప్పటినుంచో పంటగా వేసి విదేశాలకు పంపుతున్నారు. తంగేడు పూలకు గిరాకీ పెరుగుతున్న కాలంలో అనంతపురం, బళ్లారి, కర్నూలు మెట్ట రైతుకు ఆ దారి ఎందుకు ఉండకూడదు?

మళ్లీ కుడతినికి వద్దాం. ఈ చుట్టుపక్కల ఉక్కు కర్మాగారాల కోసమని రైతుల నుంచి వేల ఎకరాలు తీసుకుని పదేళ్లు దాటింది. అనుకున్న కర్మాగారాలు రాలేదు, న్యాయమైన పరిహారం కోసం రైతులు 2022 చివర నుంచి ధర్నాకు కూర్చున్నారు. ఆ న్యాయం ముందు జరగాలి. పక్కనే సండూరు కొండల్లో ఇనుప ఖనిజం తవ్విన గాయాలు ఉన్నాయి. 2011లో సుప్రీంకోర్టు బళ్లారి తవ్వకాలను ఆపింది. పాడైన నేలను బాగుచేసే ప్రణాళిక ఉన్న గనులకే తిరిగి అనుమతి అన్నది. ఆ పునరుద్ధరణ కోసమే 2014లో కర్ణాటక గనుల పర్యావరణ పునరుద్ధరణ సంస్థ ఏర్పడింది. దాని పరిధిలోని డబ్బు వేల కోట్లలో ఉంది. థర్మల్ కేంద్రాల బూడిదను పూర్తిగా వాడాలని, నిండిన బూడిద చెరువులను స్థిరపరిచి పచ్చదనం పెంచాలని కేంద్ర ప్రభుత్వం 2021 చివర్లో నోటిఫికేషన్ ఇచ్చింది. అంటే చట్టం ఉంది, డబ్బు ఉంది, నాటాల్సిన నేల కళ్లెదుట ఉంది.

తేలాల్సింది ఏ మొక్క అన్నదే. అధికారుల లెక్కల్లో మొక్క అంటే చెట్టు. ఎన్ని లక్షలు నాటామన్నది రిపోర్టుకు ఎక్కుతుంది. పొద ఆ లెక్కకు అందదు, దాని నీడన నిలబడి ఎవరూ ఫొటో దిగరు. అందుకే త్వరగా ఎదిగే పరాయి చెట్ల మీదే మోజు. గని తవ్వి పోసిన మట్టి గుట్ట వాలు మీద మాత్రం ఎత్తైన చెట్టు కంటే, లోతుగా వేరు దించి మట్టిని పట్టుకుని, పశువులు తొక్కినా మేకలు తిరిగినా నిలిచే పొదే ముందు కావాలి. ఆ పొద నిలిచాక దాని మాటున వేప, రేల, మోదుగ మొలకలు తల ఎత్తుతాయి. బూడిద చెరువు గట్ల మీద, మట్టి కప్పిన బూడిద మీద కూడా ముందు కొన్ని మళ్లలో తంగేడు వేసి రెండేళ్లు గమనించాలి. ఆ పరిశీలనకు పెద్ద బడ్జెట్ అక్కర్లేదు, ఓపిక కావాలి. నీడ కావాలన్న వాదనలో న్యాయం ఉంది. ఊరి మధ్య రావి, వేప నాటండి, బడి ముందు రేల నాటండి. గుట్ట మీద, గట్టు మీద, రోడ్డు వార మాత్రం తంగేడుకు చోటివ్వండి.

ఈ సరిహద్దు ప్రాంతం 1953 అక్టోబరు 1న మైసూరు, ఆంధ్ర రాష్ట్రాల మధ్య రెండుగా చీలింది. బళ్లారి అటు పోయింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు మిగిలాయి. తంగేడు మాత్రం గీతకు అటూ ఇటూ ఒకేలా పూస్తోంది. సండూరు గనుల దిబ్బ మీద పనికొచ్చే విత్తనం ఓబుళాపురం దిబ్బ మీదా పనికొస్తుంది. రెండు రాష్ట్రాల అటవీ శాఖలు, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు కలిసి ఒక విత్తన కేంద్రం పెట్టుకోవడానికి ఏ ట్రైబ్యునల్ తీర్పు కోసమూ ఎదురుచూడనక్కరలేదు.

బడి పిల్లలతో మొదలుపెట్టవచ్చు. చలికాలంలో బూదికనుమ చుట్టూ తంగేడు కాయలు ఎండి రాలడానికి సిద్ధంగా ఉంటాయి. ఒక ఆదివారం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి, నాలుగు వేల ఏళ్ల పశువుల దొడ్డి బూడిదను చూపించండి. వచ్చేటప్పుడు ఒక్కొక్కరు గుప్పెడు కాయలు ఏరుకు రావాలని చెప్పండి. గింజలు వేసవి దాకా పొడి డబ్బాలో ఉంచండి. తొలకరి పడిన మర్నాడు ఊరి గట్టు మీద విత్తండి.